హిప్పీలు, డ్రాఫ్ట్, వియత్నాం నుంచి అమెరికా వెనుదిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేనల్లుడు ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌లో చేరిన ఏడాది వాడిని చూడ్డానికి వెళ్ళాను. క్యాంపస్ తిప్పి చూపిస్తూ ఒక పార్కింగ్ లాట్ దగ్గర ఆగాడు. "మావయ్యా, ఇక్కడ నాలుగు చోట్ల కార్లు పెట్టనివ్వరు. ఎప్పుడో స్టూడెంట్స్ చనిపోయారట, ఎందుకో నాకు సరిగ్గా తెలీదు" అన్నాడు. ఒక్కో చోటా ఒక కారు పట్టేంత జాగా. చుట్టూ పొట్టి దీపస్తంభాలు. మూలన రాతి పలక మీద ఒక పేరు, దాని మీద ఎవరో పెట్టి వెళ్ళిన గులకరాళ్ళు. అక్కడే నిలబడి గంటసేపు వాడికి చెప్పాను. ఆ తర్వాత వాడి స్నేహితులు, మా ఇంటికి వచ్చే పిల్లలు అడుగుతూ వచ్చిన ప్రశ్నలూ, నేను చెప్పిన జవాబులూ ఇవి.

అసలు అమెరికా వియత్నాంలో ఎందుకు దిగింది?

వియత్నాం ఫ్రెంచివాళ్ళ వలస. 1954 మేలో దియన్ బియన్ ఫూ దగ్గర కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ సైన్యం చేతిలో ఫ్రాన్సు చిత్తుగా ఓడిపోయింది. అదే ఏడాది జెనీవాలో కుదిరిన ఒప్పందం దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర తాత్కాలికంగా రెండు చేసింది. 1956లో ఎన్నికలు పెట్టి మళ్ళీ కలపాలన్నది మాట. ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే. కెనడా, పోలండ్ మిగతా ఇద్దరు సభ్యులు. ఆ ఎన్నికలు జరగనే లేదు. ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం, దక్షిణాన అమెరికా అండతో నడిచే ప్రభుత్వం పాతుకుపోయాయి. ఒక దేశం కమ్యూనిస్టుల చేతికి పోతే పక్క దేశాలన్నీ వరసపెట్టి పోతాయని వాషింగ్టన్ భయపడింది.

1964 ఆగస్టులో టోంకిన్ గల్ఫ్‌లో తమ ఓడల మీద రెండుసార్లు దాడి జరిగిందని ప్రెసిడెంట్ జాన్సన్ ప్రకటించాడు. రెండో దాడి అసలు జరగలేదని తర్వాత తేలింది. అప్పటికే అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) యుద్ధాధికారం రాసిచ్చేసింది: దిగువ సభలో 416 మంది సరే అన్నారు, కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మందికి ఎదురు నిలిచింది ఇద్దరే, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ ఇద్దరి పేర్లు నేను పిల్లలకు తప్పకుండా చెబుతాను. 1965 మార్చి 8న డా నాంగ్ తీరంలో 3,500 మంది మెరైన్లు దిగారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1969 ఏప్రిల్ నాటికి, అక్కడున్న అమెరికా సైనికుల సంఖ్య సుమారు 5,43,000.

వేల మైళ్ళ అవతల జరిగే యుద్ధం గురించి కాలేజీ పిల్లలకు అంత కోపం ఎందుకు వచ్చింది?

డ్రాఫ్ట్ వల్ల. డ్రాఫ్ట్ అంటే ప్రభుత్వం పిలిస్తే సైన్యంలో చేరి తీరాలన్న చట్టం. మన దేశంలో అలాంటిది లేదు కాబట్టి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మనకు సులభంగా అర్థం కాదు. 18 నిండిన ప్రతి అబ్బాయీ పేరు రాయించుకోవాలి, జేబులో కార్డు పెట్టుకుని తిరగాలి. ఏ రోజైనా ఇంటికి ఒక ఉత్తరం రావచ్చు. 1964 నుంచి 1973 దాకా అలా పిలిచి తీసుకుపోయినవాళ్ళు 22 లక్షల మంది.

1969 డిసెంబర్ 1 రాత్రి జరిగింది ఒక్కసారి ఊహించుకోండి. వాషింగ్టన్‌లో ఒక హాలు, టీవీ కెమెరాలు, ఒక పెద్ద గాజు జాడీ. జాడీలో 366 నీలం రంగు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక పుట్టినరోజు. 1944 నుంచి 1950 మధ్య పుట్టిన అబ్బాయిలందరి తలరాతా ఆ జాడీలోనే ఉంది. మొదట తీసిన చీటీ సెప్టెంబర్ 14. ఆ తేదీన పుట్టినవాళ్ళకు అందరికన్నా ముందు పిలుపు. చిట్టచివరి చీటీ జూన్ 8. ఆ తేదీ పిల్లలు బతికిపోయారు. హాస్టళ్ళలో కుర్రాళ్ళు టీవీల ముందు గుంపుగా కూర్చుని తమ నంబర్ కోసం ఎదురుచూశారు. మరుసటి ఏడాది 195వ నంబర్ దాకా పిలిచారు.

ఇంకో సంగతి ఉంది. చీటీలను నెలల వారీగా పోశారు గానీ సరిగ్గా కలపలేదు. దాంతో ఏడాది చివరి నెలల్లో, ముఖ్యంగా డిసెంబర్‌లో పుట్టిన పిల్లలకు ముందు నంబర్లు ఎక్కువగా పడ్డాయి. స్టాటిస్టిక్స్ పాఠాల్లో దీన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. జాడీని ఇంకో పదిసార్లు తిప్పి ఉంటే కొందరు తల్లుల కడుపుకోత తప్పేదేమో, ఆ కోత ఇంకొందరు తల్లులకు తగిలేదేమో. ఆ పద్ధతిలో ఉన్న దుర్మార్గమే అది.

అందరూ వెళ్ళాల్సిందేనా? తప్పించుకునే దారులు లేవా?

ఉన్నాయి, కానీ అవి చాలావరకు కలిగినవాళ్ళ దారులు. కాలేజీలో చదువుతున్నంత కాలం పిలుపు వాయిదా పడేది. తెలిసిన డాక్టర్ ఉంటే ఏదో జబ్బుందని సర్టిఫికెట్ దొరికేది. పలుకుబడి ఉంటే రాష్ట్రాల రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డ్‌లో సీటు దొరికేది, ఆ రోజుల్లో గార్డ్‌ను వియత్నాంకు పంపడం తక్కువ. కాలేజీ ఫీజు కట్టలేని పేదింటి పిల్లలు, పల్లెటూరి తెల్లవాళ్ళు, నల్లజాతి యువకులు, మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. మొదటి సంవత్సరాల్లో చనిపోయిన నల్లజాతి సైనికుల శాతం జనాభాలో వాళ్ళ శాతం కన్నా బాగా ఎక్కువగా ఉంది.

కొందరు మనస్సాక్షి పేరుతో మినహాయింపు అడిగారు. కొందరు డ్రాఫ్ట్ కార్డులు బహిరంగంగా కాల్చారు. అలా కాల్చితే ఐదేళ్ళ జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా అని 1965 ఆగస్టులో చట్టం తెచ్చారు. ముహమ్మద్ అలీ 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో తన పేరు పిలిచినప్పుడు ముందుకు అడుగు వెయ్యలేదు. బాక్సింగ్ టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది, ఐదేళ్ళ శిక్ష పడింది. అప్పీలు మీద బయటే ఉన్నాడు గానీ, మంచి వయసులో మూడేళ్ళకు పైగా రింగ్‌లోకి దిగలేకపోయాడు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

హిప్పీలూ, యుద్ధ వ్యతిరేక విద్యార్థులూ ఒకటేనా?

కాదు. అందరూ తికమక పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రాజకీయ విద్యార్థులు ఒక పాయ. వీళ్ళ మూలాలు నల్లజాతి పౌరహక్కుల పోరాటంలో, 1964లో బర్క్‌లీ క్యాంపస్‌లో జరిగిన వాక్‌స్వాతంత్ర్య ఉద్యమంలో ఉన్నాయి. వీళ్ళు కరపత్రాలు వేశారు, సభలు పెట్టారు, మీటింగుల్లో తెల్లవార్లూ వాదించుకున్నారు. 1965 మార్చి 24 రాత్రి మిషిగన్ యూనివర్సిటీలో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి వియత్నాం గురించి తెల్లారేదాకా పాఠాలు చెప్పుకున్నారు. "టీచ్ ఇన్" అన్న మాట అక్కడే పుట్టింది, నెలల్లోనే దేశమంతా పాకింది.

హిప్పీలు రెండో పాయ. శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్, ఆష్‌బరీ వీధులు కలిసే పేట వాళ్ళ అడ్డా. ఈ వ్యవస్థను బాగుచేయడం కుదరదు, దీన్ని వదిలి వేరుగా బతుకుదాం అన్నది వాళ్ళ దారి. 1967 వేసవిలో ఆ పేటకు దేశం నలుమూలల నుంచీ పదుల వేల మంది పిల్లలు వచ్చిపడ్డారు. రాజకీయ విద్యార్థులకు హిప్పీలు బాధ్యత లేనివాళ్ళుగా కనిపించారు. హిప్పీలకు ఆ విద్యార్థులు మరీ బిగుసుకుపోయినవాళ్ళుగా కనిపించారు.

అయినా రెండు పాయలూ పదే పదే కలిశాయి. ఎవరి జుట్టు పొడుగైనా, ఎవరి చేతిలో ఏ పుస్తకం ఉన్నా, డ్రాఫ్ట్ ఉత్తరం అందరి ఇంటికీ వచ్చేదే కదా. 1968లో సెనేటర్ యూజీన్ మెకార్తీ యుద్ధాన్ని ఆపాలంటూ సొంత పార్టీ ప్రెసిడెంట్ మీదే పోటీకి దిగాడు. ఆయన తరఫున న్యూ హాంప్‌షైర్‌లో ఇంటింటికీ తిరగడానికి వందల మంది విద్యార్థులు జుట్టు కత్తిరించుకుని, గడ్డాలు గీసుకుని వెళ్ళారు. పల్లెల్లో పెద్దవాళ్ళు తలుపు తియ్యాలంటే ముందు మన మొహం చూడాలి కదా అని. వాళ్ళకు ఆ జుట్టే జెండా. ఒక ప్రాణం నిలుస్తుందంటే ఆ జెండానూ దించేశారు. నాకు ఆ తరం మీద గౌరవం పెరిగింది ఈ ఒక్క విషయం తెలిశాకే.

అంటే హిప్పీలు గంజాయి, ఎల్‌ఎస్‌డీ తప్ప ఇంకేమీ చెయ్యలేదా?

మత్తు ఉంది, దాని వల్ల పాడైన పిల్లలూ చాలామంది ఉన్నారు. పద్నాలుగూ పదిహేనేళ్ళకే ఇల్లు వదిలి వచ్చి వీధుల పాలైనవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు, మోసపోయిన ఆడపిల్లలు ఎందరో. 1967 అక్టోబర్‌లో ఆ పేటవాళ్ళే "హిప్పీ చచ్చిపోయాడు" అంటూ ఒక పెట్టెను ఊరేగించి, ఇంక ఇక్కడికి రావద్దని పిల్లలకు చెప్పారు.

మంచీ ఉంది. డిగ్గర్స్ అనే బృందం పార్కులో రోజూ ఉచితంగా అన్నం పెట్టింది, బట్టలకు డబ్బు అడగని కొట్టు నడిపింది. 1967 జూన్‌లో అక్కడే ఉచిత క్లినిక్ తెరుచుకుంది. వైద్యం ఎవరికైనా అందాల్సిన హక్కు అన్నది దాని మాట. ఆ నమూనా చూసి దేశంలో మరెన్నో ఉచిత క్లినిక్‌లు వచ్చాయి. వీధి పత్రికలు, ఉమ్మడి పొలాలు, సేంద్రియ కూరగాయలు, సహకార దుకాణాలు చాలావరకు ఆ కాలం నుంచి నడిచి వచ్చినవే.

తుపాకీ గొట్టంలో పువ్వు పెట్టిన ఫోటో నిజంగా తీసిందేనా?

నిజమే. 1967 అక్టోబర్ 21న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర లక్ష మంది దాకా చేరారు. వాళ్ళలో వేల మంది వంతెన దాటి పెంటగాన్ దాకా నడిచారు. అక్కడ బయొనెట్లు బిగించిన తుపాకులతో సైనికులు వరసకట్టి ఉన్నారు. ఒక యువకుడు తుపాకీ గొట్టాల్లో ఒక్కొక్క పువ్వే గుచ్చుతూ పోతుంటే బెర్నీ బోస్టన్ ఫోటో తీశాడు. అదే రోజు 17 ఏళ్ళ అమ్మాయి ఒకతె రెండు చేతులతో ఒక చామంతిని మొహానికి దగ్గరగా పట్టుకుని బయొనెట్ల ముందు నిలబడింది. దాన్ని తీసింది ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ మార్క్ రిబూ. ఆ ఫోటోల్లో నేను ఎక్కువసేపు చూసేది సైనికుల మొహాలనే. వాళ్ళకూ ఆ అమ్మాయి వయసే, మహా అయితే రెండు మూడేళ్ళు ఎక్కువ.

గుండ్రటి గీతలో కోడి కాలులా ఉండే శాంతి గుర్తు హిప్పీలదేనా?

వాళ్ళు అందరికీ తెలిసేలా చేశారు, పుట్టించింది మాత్రం బ్రిటన్‌లో. 1958లో అణ్వాయుధాల వ్యతిరేక పాదయాత్ర కోసం జెరాల్డ్ హోల్టమ్ అనే డిజైనర్ గీశాడు. ఓడల మీద జెండాలతో చూపే సైగల్లో "ఎన్", "డి" అక్షరాలను ఒకదాని మీద ఒకటి పెడితే ఆ గుర్తు వస్తుంది. అణు నిరాయుధీకరణ అన్న ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలవి. చివరికి వియత్నాంలో ఉన్న సైనికులే దాన్ని హెల్మెట్ల మీద గీసుకున్నారు.

1968లో ఏం మారింది?

జనవరి చివర, వియత్నాం కొత్త సంవత్సరం తెత్ పండగ రోజుల్లో, దక్షిణాన నూటికి పైగా ఊళ్ళమీద కమ్యూనిస్టు సేనలు ఒకేసారి దాడి చేశాయి. సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే గెరిల్లాలు చొరబడ్డారు. సైనికంగా ఆ దాడి ఓడిపోయింది. కానీ "యుద్ధం గెలిచేస్తున్నాం, అయిపోవచ్చింది" అని ప్రభుత్వం చెబుతూ వచ్చిన మాట మీద జనానికి నమ్మకం పోయింది. మార్చి 12న న్యూ హాంప్‌షైర్‌లో మెకార్తీకి 42 శాతం ఓట్లు పడ్డాయి, జాన్సన్‌కు 49. పదవిలో ఉన్న ప్రెసిడెంట్‌కు అది గెలుపులా లేదు. మార్చి 31 రాత్రి జాన్సన్ టీవీలో కనిపించి ఇంక పోటీ చెయ్యనన్నాడు.

ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. సరిగ్గా ఏడాది కిందట అదే తేదీన ఆయన న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని గట్టిగా ఖండించాడు. జూన్‌లో ప్రెసిడెంట్ పోటీలో ఉన్న రాబర్ట్ కెనెడీని చంపారు. ఆగస్టులో షికాగోలో డెమొక్రాట్ల మహాసభ బయట పోలీసులు యువతను చితకబాదుతుంటే దేశమంతా టీవీలో చూసింది. అవి పోలీసులే చేసిన అల్లర్లు అని తర్వాత అధికారిక నివేదికే రాసింది.

వుడ్‌స్టాక్ యుద్ధ వ్యతిరేక సభా?

అది సంగీతోత్సవం. 1969 ఆగస్టు 15 నుంచి 18 దాకా న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడిరైతు పొలంలో సుమారు 4 లక్షల మంది వానలో తడుస్తూ, బురదలో పడుకుంటూ గడిపారు. మొదటి రోజు స్వామి సచ్చిదానంద మాట్లాడారు, వానలోనే రవిశంకర్ సితార్ వాయించారు. చివరి రోజు పొద్దున జిమి హెండ్రిక్స్ ఎలక్ట్రిక్ గిటార్ మీద జాతీయ గీతాన్ని వాయిస్తూ, మధ్యలో బాంబులు పడుతున్న శబ్దాలు పలికించాడు. ఆయన ఒకప్పుడు సైన్యంలో పారాట్రూపర్.

దేశంలో ఎక్కువ మంది విద్యార్థుల వైపే ఉన్నారా?

లేరు. యుద్ధం మీద విసుగు పెరిగింది గానీ, విద్యార్థుల మీద ప్రేమ పెరగలేదు. ఇది మింగుడుపడని విషయం.

1970 ఏప్రిల్ 30న, జాన్సన్ తర్వాత వచ్చిన ప్రెసిడెంట్ నిక్సన్ యుద్ధాన్ని కంబోడియాలోకి తీసుకెళ్తున్నట్టు ప్రకటించాడు. క్యాంపస్‌లు మండిపోయాయి. కెంట్ స్టేట్‌లో మే 2 రాత్రి సైనిక శిక్షణ భవనాన్ని తగలబెట్టారు. నేషనల్ గార్డ్ దిగింది. మే 4 మధ్యాహ్నం, సభ చెదిరిపోతున్న వేళ, గార్డ్‌లో 28 మంది ఒక్కసారి వెనక్కి తిరిగి కాల్పులు జరిపారు. 13 సెకన్లలో 60కి పైగా తూటాలు. నలుగురు చనిపోయారు: అలిసన్ క్రాజ్, జెఫ్రీ మిల్లర్, సాండ్రా షోయర్, విలియం ష్రోడర్. తొమ్మిది మంది గాయపడ్డారు. చనిపోయిన నలుగురూ గార్డ్‌కు 80 మీటర్లు, అంతకన్నా ఎక్కువ దూరంలో ఉన్నారు. సాండ్రా క్లాసుకు నడిచి వెళ్తోంది. విలియం తానే సైనిక శిక్షణలో ఉన్న విద్యార్థి. మా మేనల్లుడు చూపించిన నాలుగు చోట్లూ వీళ్ళు పడిపోయిన చోట్లు.

పదకొండు రోజుల తర్వాత మిసిసిపీలో నల్లజాతి విద్యార్థుల కాలేజీ జాక్సన్ స్టేట్‌లో పోలీసు కాల్పులకు మరో ఇద్దరు బలయ్యారు, ఫిలిప్ గిబ్స్, జేమ్స్ గ్రీన్. వాళ్ళ పేర్లు కెంట్ పేర్లంత మంది చెప్పుకోరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వందల కాలేజీల్లో 40 లక్షల మందికి పైగా విద్యార్థులు సమ్మె చేశారు. కానీ గాలప్ సర్వేలో 58 శాతం మంది కెంట్‌లో తప్పు విద్యార్థులదే అన్నారు, గార్డ్‌ది అన్నవాళ్ళు 11 శాతమే. మే 8న న్యూయార్క్‌లో చనిపోయిన పిల్లలకు సంతాపం చెబుతున్న విద్యార్థులను భవన నిర్మాణ కార్మికులు వెంటపడి కొట్టారు. ఆ కార్మికుల్లో చాలామంది ఇళ్ళ నుంచి కొడుకులో తమ్ముళ్ళో వియత్నాంలో ఉన్నారు. చదువుకునే పిల్లలకు వాయిదా దొరికితే, వాళ్ళ పిల్లలకు దొరకలేదు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేను, ఆ దెబ్బలను మాత్రం సమర్థించలేను.

తిరిగొచ్చిన సైనికుల మీద ఉద్యమకారులు ఉమ్మేవారట కదా?

ఈ మాట చాలా ప్రచారంలో ఉంది. ఆ కాలపు పత్రికలు, రికార్డులు వెతికిన పరిశోధకులకు దానికి గట్టి ఆధారం కనబడలేదు. సైనికులకు సరైన ఆదరణ దొరకలేదన్నది మాత్రం నిజం. ఆ నిర్లక్ష్యం ఎక్కువగా ప్రభుత్వానిది, ఆసుపత్రులది, ఉద్యోగాలివ్వని సమాజానిది.

సైనికులే ఉద్యమంలో ఉన్నారన్నది చాలామందికి తెలియదు. శిబిరాల పక్కన కాఫీ కొట్లు పెట్టి అక్కడ మాట్లాడుకున్నారు. వందల రకాల రహస్య పత్రికలు అచ్చేశారు. 1967లో యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు సొంత సంఘం పెట్టుకున్నారు. 1971 ఏప్రిల్ 23న వందల మంది మాజీ సైనికులు వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం ముందు కట్టిన కంచె దగ్గర బారులు తీరారు. ఒక్కొక్కరూ మైకు ముందుకు వచ్చి, పేరు చెప్పి, తమకు వచ్చిన పతకాలను కంచె అవతలికి విసిరేశారు. కొందరు చనిపోయిన స్నేహితుడి పేరు చెప్పి విసిరారు. కొందరు చక్రాల కుర్చీల్లో వచ్చారు. ప్రాణాలకు తెగించి సంపాదించుకున్న వస్తువది. ఏ విద్యార్థి ఊరేగింపూ దానికి సాటి రాదు.

మరి ఉద్యమం వల్లే యుద్ధం ఆగిందా?

ఒక్క ఉద్యమం వల్లే అంటే వియత్నాం ప్రజల పోరాటాన్ని తక్కువ చేసినట్టే. వాళ్ళు లొంగలేదు, అందుకే అమెరికా గెలవలేదు. దానికి తోడు ఖర్చు పెరిగింది, ధరలు పెరిగాయి. 1971 జూన్‌లో రిటైర్డ్ మెరైన్ కల్నల్ రాబర్ట్ హైన్‌ల్, వియత్నాంలో అమెరికా సైన్యం కూలిపోయే స్థితిలో ఉందని రాశాడు. ఆజ్ఞలు పాటించని దళాలు, సొంత అధికారుల మీదే గ్రెనేడ్లు విసిరిన ఘటనలు అప్పటికే మామూలైపోయాయి.

ఉద్యమం చేసిందల్లా యుద్ధాన్ని పెంచకుండా పాలకుల చేతులు కట్టెయ్యడం. నా ఉద్దేశంలో అదే పెద్ద పని. 1969లో నిక్సన్ ఉత్తర వియత్నాంకు నవంబర్ 1 గడువు పెట్టి, ఆలోగా దారికి రాకపోతే భారీ దెబ్బ తప్పదని రహస్యంగా హెచ్చరించాడు. అక్టోబర్ 15న మారటోరియం పేరుతో లక్షలాది మంది ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు ఊరూరా పని ఆపి వీధుల్లోకి వచ్చారు. ఆ దెబ్బ పడలేదు. నిరసనలు తన బెదిరింపు విలువను తగ్గించాయని నిక్సనే తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు. ఆ రోజు కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాళ్ళకు ఇదేమీ తెలియదు. మన గొంతు ఎవరికీ వినబడలేదనే దిగులుతో ఇళ్ళకు పోయారు.

నవంబర్‌లో ఇంకో నడక జరిగింది. ఆర్లింగ్టన్ శ్మశానం దగ్గర మొదలై దాదాపు 40,000 మంది ఒకరి వెనక ఒకరు నడిచారు. ఒక్కొక్కరి మెడలో ఒక అట్ట, దాని మీద చనిపోయిన ఒక సైనికుడి పేరు, లేదా నేలమట్టమైన ఒక వియత్నాం ఊరి పేరు. చేతిలో కొవ్వొత్తి. వైట్‌హౌస్ ఎదుటికి రాగానే ఆ పేరు గట్టిగా పలకాలి, ముందుకు వెళ్ళి ఆ అట్టను శవపేటికలో పెట్టాలి. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు, చలిలో, వానలో ఆ పేర్లు ఆగకుండా వినిపించాయి.

వెనక్కి రావాలని నిర్ణయించుకున్నాక అంత ఆలస్యం ఎందుకైంది?

నన్ను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే. 1969 జూన్ 8న నిక్సన్ మొదటి విడతగా 25,000 మందిని వెనక్కి రప్పిస్తానన్నాడు. పోరాటాన్ని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగిస్తూ, "గౌరవంగా" తప్పుకోవాలన్నది ఆలోచన. పారిస్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1973 జనవరి 27న. అదే రోజు డ్రాఫ్ట్ పిలుపులు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆఖరి పోరాట దళాలు మార్చి 29న బయల్దేరాయి.

మధ్యలో ఏం జరిగిందో అంకెలే చెబుతాయి. 1968లో 16,899 మంది అమెరికా సైనికులు చనిపోయారు. 1969లో 11,780. 1970లో 6,173. 1971లో 2,414. 1972లో 759. 1969 నుంచి 1972 దాకా, వెళ్ళిపోయే దారి వెతుకుతూ పోగొట్టిన ప్రాణాలు 20,000కు పైనే. ఆ నాలుగేళ్ళలో చనిపోయిన వియత్నాం, కంబోడియా, లావోస్ ప్రజలు ఇంతకు ఎన్నో రెట్లు. 1972 డిసెంబర్‌లో, సంతకాలకు నెల ముందు కూడా, హనోయ్, హైఫాంగ్ నగరాల మీద బీ-52లు బాంబులు కురిపించాయి.

1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. ముందు రోజు తీసిన ఫోటో అందరూ చూసే ఉంటారు: డాబా మీద చిన్న గదిలాంటి కట్టడం, దాని మీద హెలికాప్టర్, నిచ్చెన మీద బారులు తీరిన జనం. రాయబార కార్యాలయం అంటారు గానీ అది గియా లాంగ్ వీధిలో 22వ నంబర్ అపార్ట్‌మెంట్ భవనం. నిచ్చెన మీదున్న వాళ్ళందరికీ హెలికాప్టర్లో చోటు దొరకలేదు.

వియత్నాం వాళ్ళు ఎంతమంది చనిపోయారు?

1995లో వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం సాధారణ పౌరులు 20 లక్షలు, ఉత్తరం వైపు పోరాడినవాళ్ళు 11 లక్షలు. దక్షిణ సైన్యంలో చనిపోయినవాళ్ళు వీళ్ళు కాక. 1968 మార్చి 16న మై లాయ్ ఊళ్ళో అమెరికా సైనికులు నిరాయుధులను, ఎక్కువగా ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను చంపారు. అక్కడి స్మారకంలో 504 పేర్లున్నాయి. హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ సొంత సైనికులకూ పల్లె జనానికీ మధ్య తన హెలికాప్టర్ దించి కొందరిని కాపాడాడు. ఈ దారుణాన్ని ఏడాదిన్నర పాటు దాచిపెట్టారు. 1969 నవంబర్‌లో విలేకరి సేమూర్ హెర్ష్ బయటపెట్టాడు.

ఈ గాలి మన తెలుగు నేల దాకా వచ్చిందా?

వచ్చింది, కొంత వేషంలో, కొంత ఆలోచనలో. డెబ్భైల్లో చెవుల మీదికి జుట్టు పెంచిన ప్రతి కుర్రాడిదీ "హిప్పీ క్రాఫు"నే. మా నాన్నగారు బెల్ బాటమ్ ప్యాంటు కుట్టించుకున్నందుకు మా తాతయ్య వారం రోజులు మాట్లాడలేదట.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో మాట్లాడుతుంటే వినడానికి ఆ తరం యువత వెళ్ళేది. ఏ గురువునూ నమ్మవద్దన్న ఆయన మాట వాళ్ళకు బాగా తగిలింది. మన దగ్గర 1965లో దిగంబర కవులు వచ్చారు. మొదటి సంపుటిని హైదరాబాద్‌లో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అది అమెరికాను చూసి చేసిన అనుకరణ అనుకోవడం పొరపాటు. వాళ్ళ కోపం ఈ నేలదే, కానీ ఆ దశాబ్దంలో లోకమంతా యువత ఉడికిపోతున్న వేడి అందులోనూ తెలుస్తుంది.

కలకత్తాలో అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికి హో చి మిన్ పేరే పెట్టేశారు. ఇంకో బంధం తిండిది. కరువు రోజుల్లో మనకు పీఎల్ 480 అనే ఆహార సాయ చట్టం కింద అమెరికా గోధుమలు వచ్చేవి. వియత్నాం మీద బాంబులు ఆపమని ఇందిరాగాంధీ అడగడం జాన్సన్‌కు నచ్చలేదు. ఓడలను నెల నెలా బిగపట్టి వదలడానికి అదీ ఒక కారణం.

డ్రాఫ్ట్ ఎగ్గొట్టి కెనడా పారిపోయినవాళ్ళు ఏమయ్యారు?

వేలాది మంది అక్కడే స్థిరపడ్డారు. 1977 జనవరి 21న, పదవిలోకి వచ్చిన మర్నాడే, ప్రెసిడెంట్ కార్టర్ డ్రాఫ్ట్ తప్పించుకున్నవాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చాడు. సైన్యంలో చేరి, మధ్యలో వదిలి పారిపోయినవాళ్ళకు అది వర్తించలేదు. వాళ్ళలో ఎక్కువ మంది పేదింటి పిల్లలే.

18 ఏళ్ళకు ఓటు ఈ యుద్ధం వల్లే వచ్చిందా?

అమెరికాలో అవును. చావడానికి 18 చాలినప్పుడు ఓటుకు 21 ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. 1971 జూలై 1న 26వ రాజ్యాంగ సవరణ ఖాయమైంది. మన దేశంలో 61వ సవరణతో 18 ఏళ్ళ ఓటు వచ్చేసరికి 1989 అయింది.

ఇప్పుడు డ్రాఫ్ట్ ఉందా? అక్కడ ఉన్న మన పిల్లలకు వర్తిస్తుందా?

1973 నుంచి ఎవరినీ బలవంతంగా పిలవలేదు. కానీ పేర్ల నమోదు 1980లో మళ్ళీ మొదలై ఇప్పటికీ ఉంది. 18 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉన్న మగపిల్లలు, పౌరులైనా గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళైనా, ఆ జాబితాలో ఉండాల్సిందే. స్టూడెంట్ వీసా మీదో, హెచ్-1బీ మీదో ఉన్నవాళ్ళకు అక్కర్లేదు. అందుకే మా మేనల్లుడి పేరు అందులో లేదు. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా పెద్దక్క మనవడి పేరు ఉంది. వాడికి 18 నిండిన నెలలో ఆ కాగితం ఇంటికి వస్తే మా అక్క నాకు ఫోన్ చేసి, "ఇదేంట్రా, వీణ్ణి మిలట్రీకి రమ్మంటున్నారా?" అని కంగారుగా అడిగింది. కాదక్కా, పేరు రాసుకుంటారు అంతే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఆ కాగితం దేవుడి గదిలో పెడతాలే" అంది.